రంగూను బాంబులు: మా యింటి శస్త్రహత చతుర్దశి



భాద్రపద బహుళ పక్షమును మహాలయ పక్షమందురని మీకు తెలియనిది కాదు. తెలంగాణమున పెత్రమాస యని పిలుచు అమావాస్యతో ఆ పక్షము ముగియును. దానికి ముందుదినమగు చతుర్దశి యెదుట మన పంచాంగములలో శస్త్రహత మహాలయమని వ్రాసియుండును. ఆయుధముల వలనను, దుర్మరణముల వలనను పోయినవారికి ఆనాడు శ్రాద్ధము పెట్టుట ఆచారము. సికింద్రాబాదు పద్మారావు నగర్‌లోని మా యింట ఏటేట ఆ చతుర్దశినాడు ఒక పిండము పెట్టుచున్నాము. అది మా తాతగారి అన్నగారి కొరకు. ఆయన సిపాయి కారు; తుపాకి పట్టి యెరుగరు. రంగూనులో ఒక బియ్యపు వర్తకుని కొట్టులో గుమాస్తాగా నుండి, 1941వ సంవత్సరము డిసెంబరులో జపానువారి బాంబులకు బలియైరి.

ఈ చిన్న సంగతిని రేడియోలో చెప్పనేల యని మీకు తోచవచ్చును. ఇట్టి చావులు మా యింటనే జరుగలేదు. గోదావరి, విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల యందు రంగూను పేరెత్తిన కన్నీరు పెట్టిన ఇండ్లు వేలకు వేలు. వాని కథలు గ్రంథముల కెక్కలేదు. పెద్దల నోట నిలిచినవి. ఆ పెద్దలు ఒక్కొక్కరే వెడలిపోయిరి. అందుచేత ఒక యింటి మాటను చరిత్రతో సరిచూచి మీ యెదుట పెట్టుచున్నాను.

మనవారు బర్మాకు పోవుట నిన్న మొన్నటి మాట కాదు. కాకినాడకు దక్షిణమున కోరంగి యను రేవు ఒకప్పుడు మిక్కిలి పేరు గాంచినది. అచ్చట ఓడలు కట్టెడివారు. 1839వ సంవత్సరపు ఉప్పెన ఆ రేవును నాశనము చేసినను దాని పేరు మాత్రము సముద్రము దాటి నిలిచినది. బర్మావారు తెలుగు కూలివారిని కోరంగీలని పిలుచుట దానివలననే. తరువాతి కాలమున కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులనుండి పొగయోడలు జనమును రంగూనునకు మోసికొని పోయెను. మేస్త్రీలు బయానా యిచ్చి కూలివారిని తీసికొని పోవుదురు. ఆ బయానా తీరువరకు కూలివాడు మేస్త్రీకి కట్టుబడి యుండును. ఓడరేవున మూటలు మోయుట, బియ్యపు మిల్లులలో పని, రిక్షాలు లాగుట, వీథులు శుభ్రము చేయుట, ఇవన్నియు మనవారి చేతులలో నుండెను. 1931వ సంవత్సరపు జనాభా లెక్కలలో రంగూను నగరవాసులు సుమారు 4 లక్షలు. అందు సగమునకు మించి భారతీయులే. బర్మా అంతట తెలుగువారు లక్షన్నరకు తక్కువ లేరు.

ఆ బ్రతుకు సుఖమైనదని చెప్పరాదు. 1930వ సంవత్సరము మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె చేసిరి. సమ్మెకాలమున బర్మావారిని పనిలో పెట్టుకొని, సమ్మె తీరగానే వారిని తొలగించుటచే ఇరువర్గములకు కలహము పుట్టి, నూరుమందికి మించి మరణించిరి. వారిలో తెలుగువారే ఎక్కువ. 1937 ఏప్రిలు 1వ తేదిన బర్మా భారతదేశమునుండి వేరు చేయబడెను. అయినను ఊరిలో భూమి లేనివాడును, అప్పు తీర్చవలసినవాడును ఓడ నెక్కుట మానలేదు. మా పెద్దతాతగారు వెళ్లినది అప్పు తీర్చుటకే. పెద్దబామ్మగారిని కాకినాడ దగ్గరి మా గ్రామమున నుంచి, నెలనెల డబ్బు పంపుచుండెడివారు. వారికి సంతానము లేదు.

1941 డిసెంబరు 8వ తేదిన జపాను యుద్ధము తూర్పుదేశములలో మొదలైనది. జపాను సేనలు సయామున దిగి బర్మా పొలిమేరకు వచ్చెను. రంగూనులో విమానదాడుల నుండి జనమును రక్షించుటకు ఏ.ఆర్.పి. యను సంస్థ యుండెను. దానిలో జీతగాండ్రును ఉండిరి. జీతము లేక స్వచ్ఛందముగా చేరినవారును ఉండిరి. ఈ వార్డెనులకు ఇనుపటోపి, ఈల, చేతికి కట్టుకొను పట్టీ ఇచ్చెడివారు. సైరను మ్రోగినంతనే జనమును కందకములలోనికి పంపుట, రాత్రులు దీపము బయటికి కనబడకుండ చూచుట, నిప్పంటుకొన్నచోట ఇసుక పోయుట, గాయపడినవారిని మోయించుట వారి పనులు. మా పెద్దతాతగారు అందులో చేరినట్లు ఇంటికి వ్రాసిరి. ఆ జాబు ఇప్పుడు లేదు. గోదావరి వరదలలో పోయినది. కాని దానిలోని మాటను పెద్దబామ్మగారు కడవరకు చెప్పుచుండెడివారు. హెచ్చరికలన్నియు ఇంగ్లీషులోను, బర్మా భాషలోను ఉన్నవనియు, రేవు ప్రక్క నున్న మన కూలివారికి అవి తెలియవనియు, ఈల యూది తెలుగున పిలుచువాడొకడు ఉండవలెననియు ఆయన వ్రాసిరట. ఆయన ఆ పనికి పూనుకొనుటకు మాకు తెలిసిన కారణ మంతయు ఇదియే.

డిసెంబరు 23వ తేది పట్టపగలు జపాను విమానములు రంగూను మీదికి వచ్చెను. అంతకుముందు ఆ నగరము బాంబును చూచినది కాదు. బ్రిటిషువారి విమానములును, అమెరికను స్వచ్ఛంద వైమానికుల విమానములును ఎదిరించి పోరాడుచుండగా, జనము దాగుటకు మారుగ వీథులలోనికి వచ్చి, ఆకాశమున తమాషా జరుగుచున్నట్లు తల లెత్తి చూచుచు నిలిచిరి. రేవు మీదను, జనసమ్మర్దమైన వీథుల మీదను బాంబులు పడెను. నేల తాకగానే ముక్కలై నడుము యెత్తున చెదరు బాంబులు కొన్ని. అట్టివి కందకములో పండుకొన్నవానిని అంతగా తాకవు; నిలుచున్నవానిని కోసివేయును. కొయ్య యిండ్లు తగులబడెను. ఆ ఒక్కదినమున వేయిమందికి మించి మరణించిరి. రెండువేలని వ్రాసినవారును కలరు. మరల 25వ తేదిన, అనగా క్రిస్మసు దినమున, రెండవ దాడి జరిగినది.

ఈ రెండు దినములలో మా పెద్దతాతగారు పోయినది ఏ దినమున? మా యింట మొదటినుండి వచ్చిన మాట దొరల పండుగనాడని. ఈ మాటను నేను చిరకాలము ప్రశ్నింపలేదు. పెద్దవాడనైన పిమ్మట ఆ యుద్ధచరిత్ర చదివి, ఇంటి మాటను దాని ప్రక్కన పెట్టి చూచితిని. ఆ మాటను మా యూరికి తెచ్చినవాడు రేవున మూటలు మోయు కూలి, మా గ్రామస్థుడే. అతడు చెప్పినది పెద్దబామ్మగారికి కంఠస్థము. బాబుగారు వీథి నడుమ నిలిచి, ఈల యూదుచు, తిట్టుచు, ఆకాశము చూచుచున్న జనమును కందకములోనికి నెట్టుచుండిరనియు, తాను దిగితిననియు, ఆయన మరికొందరి కొరకు వెనుకకు పోయిరనియు, అంతలో బాంబు పడెననియు అతడు చెప్పెను. జనము నిలిచి తమాషా చూచినది మొదటి దాడినాడే. ఆనాటి చావులు చూచిన వెనుక వేలకొలది జనము నగరము విడిచి ప్రోము దారిని బట్టిరి. ఇక తమాషా చూచువారెవ్వరు? అంతకంటె గట్టి సాక్ష్యము మరియొకటి కలదు. తాను ఆ సాయంకాలమే నగరము విడిచితిననియు, దొరల పండుగనాటికి ప్రోము దారిలో నుంటిననియు అతడే చెప్పెను. వినువారి మనస్సులో ఆ పండుగమాట చావుమాటతో కలిసిపోయినది. కాబట్టి ఆయన పోయినది 23వ తేదిననే యని నా నిశ్చయము. అది విషు నామ సంవత్సరపు పుష్య శుద్ధ పక్షము.

చూచితిరా, ఇంటి మాట తేదిని తప్పినది; కాని మనుష్యుడు చేసిన పనిని తప్పలేదు. అతని ఈల, అతని తిట్లు, అతడు వెనుకకు తిరిగిన సంగతి చరిత్ర గ్రంథములలో దొరకవు. తేదిని గ్రంథము దిద్దినది; గ్రంథమునకు తెలియని మనిషిని ఇల్లు దాచినది. చరిత్ర వ్రాయువానికి రెండును కావలయును.

ఆ కూలి మా యూరు చేరుటకు మూడు నెలలు పట్టెను. ప్రోమునుండి కొండలు దాటి తౌంగుపు, అచ్చటినుండి ఆక్యాబు, ఓడమీద చిట్టగాంగు, కలకత్తా, సామర్లకోట: ఇది అతని దారి. కొండదారిలో నీరు లేదు. కలరా తగిలినవారిని దారిప్రక్కనే విడిచి నడిచిరట. 1942 మార్చి 8వ తేదిన జపానువారు రంగూను ప్రవేశించిరి. ఆ యేడు బర్మానుండి భారతదేశమునకు నడిచియు, ఓడలనెక్కియు వచ్చినవారు 4 లక్షలకు పైబడిరి. దారిలో పోయినవారు పదుల వేలు. ఎచ్చట ఎవరు కూలినదియు వ్రాసి పెట్టుకొన్నవారు లేరు.

అతడు వచ్చి, పెద్దబామ్మగారి యెదుట నేలమీద కూర్చుండి, జరిగినది చెప్పి, కడపట ఈ మాట యనెను: "అమ్మా, బాంబు పడుట చూచితిని. పొగ తీరినపిదప బాబుగారు కనబడలేదు. శవమును మాత్రము నేను చూడలేదు. చూడనిది చూచితినని చెప్పలేను." అతడు సత్యసంధుడు. కాని ఆ సత్యమే ఆమెను పండ్రెండేండ్లు నిలువున నిలిపివేసినది. శవమును చూడలేదన్న మాటను పట్టుకొని ఆమె బొట్టు చెరుపనీయలేదు. గాయపడి ఏ యాసుపత్రిలోనో ఉండవచ్చును, జపానువారు పట్టుకొని యుండవచ్చును, యుద్ధము తీరిన వచ్చును అని ఆమె పట్టు.

ఆ వార్త వచ్చిన కొలదిదినములకే బాంబులు మన తీరమునకును వచ్చెను. 1942 ఏప్రిలు 5వ తేది ఈస్టరునాడు జపాను విమానములు కొలంబో మీద పడెను. మరునాడు, చిత్రభాను సంవత్సర చైత్ర బహుళ పక్షమున, సోమవారమునాడు, ర్యూజో యను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసెను. బంగాళాఖాతమున ఆ దినములలో ఇరువదికి తక్కువ కాని వర్తకపు ఓడలు మునిగిపోయెను. విశాఖలో ఇండ్లకు తాళములు వేసి జనము బండ్లమీదను, రైళ్లమీదను పల్లెలకు పరుగెత్తిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు విడిచి గుంటూరునకు తరలినది. నాడు ప్రేలని జపాను బాంబు నొకదానిని విశాఖ సంగ్రహాలయమున నేటికిని చూడవచ్చును. మా గ్రామమునకు కాకినాడ శబ్దము వినబడినదట. అందరు పొలములలోనికి పరుగెత్తగా పెద్దబామ్మగారు అరుగుమీదనే కూర్చుండి, "ఆయన ఉన్నచో ఈల యూదెడివారు" అని యనిరట.

యుద్ధము 1945లో ముగిసినది. ఆయన రాలేదు. యుద్ధమున గాయపడిన, చనిపోయిన పౌరుల కుటుంబములకు సాయము చేయుటకు 1941లోనే మన దేశమున ఒక ఆర్డినెన్సు పుట్టినదని విని, మా తాతగారు ఒక కచేరికి అర్జీ పెట్టిరి. చావు జరిగినది బర్మాలో గనుక అది తమ పని కాదని జవాబు వచ్చినది. బర్మాకు వ్రాయుదమన్నచో అచ్చటి కాగితములు నగరముతోపాటు కాలిపోయినవి. అర్జీ అంతటితో ఆగినది.

ఇక శాస్త్రమేమి, చట్టమేమి? నాడు అమలులో నుండిన 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము ప్రకారము, ఒకని గురించి వినవలసినవారు ఏడేండ్లు ఏమియు వినకున్నచో, అతడు బ్రతికియున్నాడనువాడే ఆ సంగతి రుజువు చేయవలసియుండెను. మన పెద్దల ఆచారము పండ్రెండేండ్లు చూడుమన్నది. ఆపైన మోదుగాకులతోను దర్భలతోను ప్రతిమ చేసి, దానికి దహనము జరిపి, కర్మ చేయవలయును. ఏడేండ్లు గడచినప్పుడు మా తాతగారు వదినెగారిని అడిగిరి, ఆమె కాదనెను. పండ్రెండేండ్లు గడచినపిదప, 1954లో, ఎవరును అడుగకయే ఆమె మరదిని పిలిచి, "నాయనా, ఇక కానిండు. నేను పోయినచో ఆయనకు నీళ్లు వదలుమని చెప్పువారుండరు" అనెను. తానే బొట్టు తుడిచికొనెను.

తద్దినమునకు తిథి కావలయును గదా. పండుగనాటి తిథి యని కొందరు, తిథి తెలియనివారికి మహాలయ అమావాస్యయే గతి యని కొందరు అనిరి. పెద్దబామ్మగారు పురోహితుని పిలిచి, దెబ్బతగిలి పోయినవారికి వేరుగ దినము కలదా యని యడిగిరి. కలదు, అమావాస్యకు ముందునాడు అని ఆయన చెప్పెను. "ఆయన ముసలితనమున పోలేదు; మంచమున పోలేదు. ఆ దినమే పెట్టుడు" అని ఆమె నిర్ణయించెను. ఆ నిర్ణయమే మా కుటుంబముతో సికింద్రాబాదు వచ్చినది. తేది తేలినదిగదా, పుష్యమాసమునకు మార్చుకొందమా యని నేనొకసారి మా నాయనగారిని అడిగితిని. "తేది నీవు కనుగొంటివి, సంతోషము. దినము మాత్రము ఆవిడ పెట్టినది" అని వారు ఊరకుండిరి. నేనును మరల అడుగలేదు.

ఇతరదేశముల వారు ఇట్టివారిని ఎట్లు తలచుకొనుచున్నారో కొంచెము చూతము. 1940లో ఇంగ్లండు మీద జర్మనుల బాంబులు పడినప్పుడు ఆ విమానములతో పోరాడిన దళములలో హైదరాబాదు పేరు ధరించిన 152వ స్క్వాడ్రను ఒకటి. మన నగరపు పేరు ఆ యాకాశమున నుండగా, క్రింద వీథులలో వార్డెనులు, అగ్నిమాపకులు వేలుగా పనిచేసిరి. సైనికుల సమాధుల సంఘమును స్థాపించిన సర్ ఫాబియను వేరు అనునాయన, పౌరుల పేర్లను కూడ వ్రాయవలయునని పట్టుపట్టెను. దాని ఫలితముగా 60 వేలకు మించిన పేర్లతో పుస్తకములు సిద్ధమై లండనులో వెస్టుమినిస్టరు దేవాలయమున నుంచబడినవి. పేరు, తలిదండ్రులు, ఇంటి వీథి, పోయిన చోటు, వార్డెనైనచో ఆ సంగతి, అన్నియు అందు కలవు. రంగూను దగ్గర తౌక్యాన్‌లో బర్మా యుద్ధమున సమాధియైన దొరకని సుమారు 27 వేలమంది సైనికుల పేర్లు రాతి స్తంభములపై చెక్కబడియున్నవి. వారిలో మన దేశపు సిపాయిలు అనేకులు. ఈలతో వీథిన నిలిచిన గుమాస్తాకు ఆ రాతిమీద చోటు లేదు. మా పెద్దతాతగారి పేరు వ్రాసియున్న పుస్తకము మా యింటి తద్దినముల పట్టిక యొక్కటే.

ఇట్లు పేర్లు నిలుపుట మనకు తెలియని విద్యయా? కాదు. మన పల్లెల పొలిమేరలలో వీరగల్లులు మీరు చూచియుందురు. చిత్తూరు, కడప, అనంతపురము ప్రాంతములలో అవి మెండు. రాజుల కొరకు పోరాడి పడినవారికే అవి నిలుపలేదు. ఊరి పశువులను దొంగలు తోలుకొని పోవుచుండగా అడ్డుపడి చచ్చిన సామాన్యునికిని రాయి నిలిపి, అతని పేరు, ఊరి పేరు, పోయిన కారణము చెక్కించిరి. జీతము లేక, ఆజ్ఞ లేక, ఊరి మేలు కొరకు నిలిచి పడినవాడు వాడు. వేయి సంవత్సరములు గడచినను కొన్నింటిపై ఆ పేర్లు నేటికిని చదువ వచ్చుచున్నవి. ఎనుబది యేండ్ల నాటి మనవారి పేర్లను మనము పోగొట్టుకొనుట తగునా?

ఇందులకు రాయి అక్కరలేదు, కాగితము చాలును. మీ గ్రామమునుండి రంగూను పోయి రానివారు, విశాఖలోనో కాకినాడలోనో బాంబుకు పోయినవారు, దారిలో కూలినవారు ఉన్నచో, ఆ యిండ్లవారిని అడుగుడు. మనుష్యుని పేరు, తండ్రి పేరు, చేసిన పని, వార్త తెచ్చినవా డెవ్వడు, వాడు కన్నులార చూచినదేది, విన్నదేది, ఇవి విడివిడిగా వ్రాయుడు. మా యూరి కూలివలె, చూడనిది చూచినట్లు వ్రాయకుడు. తేది తప్పిన తప్పవచ్చును. దానిని వెనుకటివారు దిద్దుదురు. పేరు పోయినచో దిద్దువారు లేరు.

మా యింట చతుర్దశినాడు పిండప్రదానమైన పిమ్మట, దిక్కులేక పోయినవారి కొరకు కొన్ని నీళ్లు విడుతుము. ఆయన కందకములోనికి నెట్టజూచి నెట్టలేకపోయినవారు ఆ వీథిలో ఎందరుండిరో! వారి యింటివారికి తిథియు తెలియదు, వీథియు తెలియదు. ఆ నీళ్లు వారికి చెందునని మా పెద్దబామ్మగారు చెప్పుచుండెడివారు. మేమును అట్లే తలచి విడుచుచున్నాము.